మేకుకు తగిలించిన బిళ్ల

యమునా, డ్యూటీ నుంచి వచ్చావా బిడ్డా? బ్యాగు పక్కన పెట్టి, ఇట్ల దగ్గరికొచ్చి చదువు.

అన్నం గిన్నెలో ఉంది, పప్పు వేడిచేసుకో. ఫ్రిజ్ మీద తాత మందుల చీటీ జిరాక్స్ పెట్టాను. మేము రెండు దినాలు తిరిగి రావడానికి ఎక్కబోయే ఓడవాళ్లు ఫోన్ చేస్తే అది చదివి చెప్పు. నాకు ఆ పేర్లు నోరు తిరగవు.

ఆక్సిజన్ మిషన్ వెంట ఉంటే ఓడ ఎక్కొచ్చని డాక్టరు కాగితం రాసిచ్చాడు. నన్ను పక్కకు పిలిచి మాత్రం, "సముద్రం మీద ఊపిరి ఆడకపోతే దవాఖాన దూరం అమ్మా" అన్నాడు. తాతకు దాచకుండా చెప్పాను.

"ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల దుమ్ము పీల్చిన. నాలుగు దిక్కుల గాలి ఉన్న జాగల రెండు దినాలు కూసుంట. నువ్వు రాకుంటే ఒక్కన్నే పోత" అన్నాడు. మిషన్ మోసేదెవరో మరి!

రామగుండం స్టేషన్‌కు పోతున్నాం, ఓడ విశాఖలో ఎక్కాలి. మీ బాపుకు మేము ఓడ ఎక్కినంక చెప్పు. ముందే తెలిస్తే అడ్డం పడతాడు.

గోడ మేకుకు తాత తన పాత నంబరు బిళ్ల తగిలించాడు, తీయకు. బాయిలోకి దిగేముందు బిళ్ల పైన ఇచ్చి దీపం తీసుకునేవాళ్లు. బిళ్ల పైనే ఉందంటే మనిషి ఇంకా బాయిలోంచి రాలేదని లెక్క. వచ్చినంక తాతే తీసుకుంటాడు.

బాపమ్మ

ఇంకొక్క మాట. నేనొక్కదాన్నే తిరిగొస్తే, బిళ్లను అట్లాగే ఉండనీ. అదెందుకు అక్కడుందో యాది పెట్టుకుని నీ పిల్లలకు చెప్పు.