పుర్రె బొమ్మ రికార్డు

క్లెమెంటి,
జూలై 6, 2025.

పూజ్యులు యర్రయ్య బావగారికి, మీ మరదలు ఆండాళమ్మ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మా అమ్మాయి సరయూ క్షేమం. అక్కడ మీరు కోపంగా ఉన్నారని అక్కయ్య చెప్పింది. నేను ఫోన్ చేస్తే మీరు తీయడం లేదు గనుక ఉత్తరం రాస్తున్నాను. కాపురానికొచ్చిన కొత్తలో నాకు తెలుగు రాయడం నేర్పింది మీరే. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దుకోండి. విషయం మాత్రం దిద్దడానికి వీల్లేదు.

పదోరోజున సముద్రం ఒడ్డున మీ తమ్ముడికి పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. గంటన్నర ఎండలో నిలబడ్డాం. గోరింకలు వచ్చాయి, ఒక పావురం వచ్చింది, కాకి రాలేదు. ఈ ఊళ్ళో కాకి దొరకడమే గగనమని పురోహితుడు కూడా అన్నాడు. మీరు వినలేదు. మా వాడి ప్రాణం ఆ పుర్రె బొమ్మ రికార్డు మీదే కొట్టుకుంటోంది, దాన్ని తెచ్చి నీళ్ళలో వదిలితే గానీ వాడికి విడుదల లేదని అందరి ముందూ అన్నారు. నేను తేనన్నాను. అది ఇంట్లో ఉన్నంతకాలం మా గడప తొక్కనని వెళ్ళిపోయారు.

సరయు కూడా, పోనీ వదిలెయ్ మమ్మీ, ఒక్క రికార్డే కదా లా, అని ఈ ఊరి యాసలో అంటోంది. ఒక్క రికార్డేనట! అట్ట మీద మంటల్లో నిలబడి ఒక పుర్రె నవ్వుతూ ఉంటుంది, కాదనను. లోపల ఏ దయ్యమూ లేదు బావగారూ. ఐదుగురు ఇంగ్లండు కుర్రాళ్ళు ప్రాణం పెట్టి వాయించిన హెవీ మెటల్ ఉంది. మొదటి పాటలోనే రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, డ్రమ్ము గుండెల్లో మోగుతుంది, ఇక ఎవరి మాటా పడక్కర్లేదనిపిస్తుంది. పొద్దున లేస్తే అందరికీ తల వంచి బతికే మనిషికి అలాంటి అరగంట ఎంత అవసరమో మీకు తెలియదు. నలభై ఏళ్ళ నాటిది, ఒక్క గీత పడలేదు. ఆదివారం ఆదివారం మెత్తని గుడ్డతో తుడిచి దాచుకున్న వస్తువు. దాన్ని సముద్రంలో పారేయడానికి నాకు చేతులు రావు. ఇంకొకరిని పారేయనివ్వను కూడా.

వచ్చే శుక్రవారం మాసికం. గారెలూ పరమాన్నమూ చేస్తున్నాను. వస్తే సంతోషం. రాకపోయినా మీ విస్తరి వేసే ఉంచుతాను. రికార్డు మాత్రం హాల్లో దాని చోటే ఉంటుంది. చెప్పులతో పాటు ఆ మాట కూడా గుమ్మం బయటే విడిచి రండి.

ఇట్లు,
మొండిదే అయినా మీ మరదలు,
ఆండాళమ్మ

తా.క.: ఇది రాయకుండానే కవరు అంటిద్దామనుకున్నాను, మనసొప్పలేదు. ఆ రికార్డు మీ తమ్ముడిది కాదు, నాది. 1986లో, పెళ్ళికి ముందు, ఫ్యాక్టరీ పనికి వెళ్ళే రోజుల్లో కొనుక్కున్నాను. కాపురానికొచ్చిన వారానికే అత్తగారు నా పెట్టెలో దాన్ని చూసి, ఈ దరిద్రం ఎవరిదని కేకలేశారు. నాదని చెప్పడానికి భయపడ్డాను. ఆయన ముందుకొచ్చి, నాదేనమ్మా అన్నారు. అందుకే కదా మీరు ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు! ముప్పై అయిదేళ్ళు ఇంటిల్లిపాదీ పెట్టిన చీవాట్లన్నీ ఆయనే తిన్నారు. ఇక తిట్టేదేదో నన్ను తిట్టండి, నాకు భయం లేదు. నిజానికి ఆ పాటలంటే ఆయనకు పడేది కాదు. నేను రికార్డు పెడితే చెవుల్లో దూది పెట్టుకుని, రెండు వైపులూ అయ్యేదాకా నా పక్కనే కూర్చునేవారు.