నట్టల దిక్కు మాట్లాడే డాక్టరమ్మ

ఎర్రొర్రె, ధర్మపురి దగ్గర

పశువుల దవఖాన డాక్టరమ్మకు, ఎర్రొర్రె గొర్ల కిష్టవ్వ శనార్తి చెప్పి రాసేది,

మీరు కొత్తగ వచ్చిండ్రట. మొఖం చూడకముందే లొల్లి పెట్టుకునుడు నాకు ఇష్టం లేదు గని, పెట్టుకోక తప్పుతలేదు. వానలు పడకముందు మీ దవఖానోళ్ళు ఊర్లకొచ్చి అందరి గొర్లకు నట్టల మందు తాపిపోయిండ్రు. నా మంద కూడ తాగింది. తాగి ఏం లాభం? వానలు పడి గడ్డి మొలిచినంక జీవాలకు దవడల కింద నీరు దిగి సంచులోలె వేలాడుతున్నయి. మూడు చచ్చినయి. ఒకదాని కడుపు కోపిచ్చి చూస్తే నట్టలు ఎర్రదారం పోగులోలె కదులుతున్నయి. మందు తాగిన నట్టలు గంత కుషీగ ఎట్లుంటయి?

గా మందుల నీళ్ళన్న కలిపిండ్రు, లేకుంటే నీళ్ళల్ల మందు కలపుడు మర్చిపోయిండ్రు. ఏదో ఒకటి ఒప్పుకోండ్రి.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటరేమో. ఫోన్ల మాట గాలికి పోతది. రేపు 'నేను గట్ల అనలే' అంటే నేనేం చెయ్యాలె? అందుకే కాయితం. మా ఊరి ఆటో పరశురాములు తోని పంపుతున్న. జవాబు గాయన చేతికే ఇయ్యుండ్రి.

ఎవ్వలికి తల వంచని,
కిష్టవ్వ

మర్చిపోయిన: నేను ఏడో తరగతి దాక చదివిన. పెద్ద పెద్ద మాటలు రాస్తే అర్థం కాదనుకోకుండ్రి. అర్థమైతది, కోపం కూడ వస్తది.

*

పశువైద్యశాల

శ్రీమతి కిష్టవ్వ గారికి, నమస్కారములు.

మీ ఫిర్యాదు అందినది. మందులో నీళ్ళు కలపలేదు, నీళ్ళలో మందు కలపడం మరచిపోలేదు. ఒకే రకం మందును ఏళ్ళ తరబడి, జీవాల బరువు చూడకుండా అంచనాగా తాపడం వలన నట్టలు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుని ఉండవచ్చును. నిర్ధారణ కొరకు మీ మంద నుండి పెంటికల నమూనా పంపగలరు. దవడ వాపు ఉన్న జీవాలను మాత్రం ఆలస్యం చేయకుండా ఇక్కడికి తోలుకురాగలరు. మిగతావాటికి ఫలితం వచ్చే వరకు సొంతంగా ఏ మందూ తాపవద్దు.

ఇట్లు,
డా. నౌషీన్, పశువైద్యురాలు

తా.క. నేను వయసులో మీకన్నా చాలా చిన్నదాన్ని. 'మీరు' అని మర్యాద ఇచ్చి తిట్టేకన్నా 'నువ్వు' అని తిట్టండి. నాకూ తేలికగా ఉంటుంది.

*

ఎర్రొర్రె

డాక్టరమ్మకు కిష్టవ్వ దండం పెట్టకుండ రాసేది,

నువ్వు అనమన్నవు, అంటున్న. వాపు దిగినవాటిని పరశురాములు ఆటోల పంపిన, వాటికి నువ్వు ఏదో మందు పోసినవట, మంచిది. గని గీ పెంటికల సంగతేంది? మా మంద ఒక్క రాత్రి పొలంల పండితే చాలని రైతులు నా ఇంటి చుట్టు తిరుగుతరు. గసంటి బంగారం లాంటి ఎరువును సర్కారు ఉత్తగనే అడుగుతుంది. నా గొర్లు చస్తున్నయని నేను రాస్తే, మీరు ఎరువు లెక్క అడుగుతరా?

అయిన, కిష్టవ్వ ఇయ్యలే అన్న మాట నాకొద్దు. బస్తా నిండ పంపుతున్న. ఏం తేలుతదో తేల్చు.

నీ బెదిరింపులకు బెదరని,
కిష్టవ్వ

మర్చిపోయిన: బస్తా కొత్తది. దులిపి వాపస్ పంపు.

*

పశువైద్యశాల

కిష్టవ్వ గారికి, నమస్తే.

నేను బెదిరించలేదు. నమూనా అంటే చిటికెడు. బస్తా వచ్చినప్పుడు నేను పక్క ఊళ్ళో ఉన్నాను. మా అటెండర్ నాగరాజు అది దవఖానకు మీరు చేసిన దానం అనుకుని, పెరట్లో బెండ మొక్కలకు వేసి నీళ్ళు పెట్టాడు. పరీక్ష చేద్దామంటే ఇప్పుడు బెండకాయలే మిగిలాయి.

ఈసారి ఇలా చేయండి. జీవం వేసినప్పుడు నేలకు తగలకుండా వేడిగా ఉన్నవే పట్టుకోవాలి. ఒక్కో జీవానివి ఒక్కో చిన్న కవర్లో వేసి, పైన దాని గుర్తు రాయాలి. అదే రోజు నాకు అందాలి. ఆ పెంటికల్లో నట్టల గుడ్లు ఎన్ని ఉన్నాయో సూక్ష్మదర్శినిలో చూస్తాను.

ఇట్లు,
నౌషీన్

తా.క. నాగరాజు మీకు థ్యాంక్స్ చెప్పమన్నాడు. వచ్చే నెలలో ఇంకో బస్తా దొరుకుతుందా అని కూడా అడిగాడు. నేను లేదని చెప్పేశాను.

*

ఎర్రొర్రె

డాక్టరమ్మకు,

గొర్రె వెనుక దోసిలి పట్టుకోని తిరిగిన. ఊరోళ్ళు నవ్విండ్రు. నవ్వనీ, నా దోసిలి నా ఇష్టం. గొర్రె మాత్రం నేను నిలవడితె నిలవడ్డది, నడిస్తె నడిచింది. మాపటికి పట్టిన.

చిన్న కవర్లు ఏడ దొరుకుతయి? నా కొడుకు పెండ్లి కార్డులవి మిగిలి ఉండె. గవి మంచి మందం కవర్లు, కారవు. ఒక్కోదాని మీద గొర్రె పేరు రాసిన: బొల్లిది, చెవులది, కుంటిది, దొరసాని. గీసారి కూడ తప్పు నాదే అంటే, నువ్వే వచ్చి పట్టుకో.

ఓపిక అయిపోవస్తున్న,
కిష్టవ్వ

మర్చిపోయిన: దొరసాని అంటే గొర్రెనే. మనిషి కాదు.

*

పశువైద్యశాల

కిష్టవ్వ గారికి,

తప్పు మీది అనలేను, కానీ జరిగింది చెప్తాను. పసుపు అంటిన పెండ్లి కవర్లు చూసి నాగరాజు సంబరపడి, ఆఫీసులోనూ ఎదురు బజార్లోనూ అందరికీ పంచి వచ్చాడు. ఎరువుల దుకాణం సేటు 'పిల్ల ఎవరు, దొరసానా' అనుకుంటూ అన్నం తింటూ తెరిచాడట. మళ్ళీ అన్నం ముట్టలేదు. నేను బజారంతా తిరిగి కవర్లన్నీ వెనక్కి తెచ్చి పరీక్ష చేశాను.

ఫలితం మంచిగా లేదు. గుడ్లు చాలా ఉన్నాయి. పాత మందు మీ మందలో పనిచేయడం లేదు. వేరే మందు పంపుతున్నాను. కానీ అన్నిటికీ తాపొద్దు. కింది కనురెప్ప జరిపి లోపలి రంగు చూడండి. ఈ నట్టలు రక్తం తాగేవి. ఎర్రగా ఉంటే జీవం తట్టుకుంటున్నట్టు, తెల్లబడితే రక్తం పోయినట్టు. తెల్లబడిన వాటికే తాపండి. పోల్చుకోవడానికి రంగుల కార్డు పెట్టాను, ఎరుపు ఒకటో నంబరు, తెలుపు ఐదు. నట్టలన్నిటినీ చంపాలని చూడకండి. కొన్ని బతకాలి.

ఇట్లు,
నౌషీన్

తా.క. సేటు మీ పెండ్లికి రాడట.

*

ఎర్రొర్రె

నట్టల డాక్టరమ్మకు,

గొర్ల డాక్టరువనుకున్న. తప్పు నాదే.

నట్టలు బతకాలెనా? నువ్వు ఎవ్వల దిక్కు మాట్లాడుతున్నవు? నా గొర్రెలు చచ్చినప్పుడు రాని కనికరం నట్టల మీద వచ్చిందా? రేపు వాటికి కూడ పింఛన్ ఇప్పిస్తవేమో. నీ కాయితం గొర్లోళ్ళ ముందట చదివిన. మందు సరిపోక గిట్ల చెప్తున్నరు, సగం గొర్లకిచ్చి సగం ఎండగడుతున్నరు అని అందరు ఒక్కటే మాట అన్నరు. నాకు అన్ని జీవాలు సమానం. ఒకదానికి పోసి ఒకదానికి పోయకుంటే రెండోది నా మొఖం చూడది.

తాపితే అన్నిటికి, లేకుంటే లేదు. సరిపోయేంత మందు పంపకుంటే మందనంత తోలుకొచ్చి నీ దవఖాన ముంగట పండుకోవెడుత.

వెనుకకు తగ్గని,
కిష్టవ్వ

మర్చిపోయిన: గీ సారి పెంటికలు బస్తాల లెక్క కాదు, నీ గడప కాడనే పడ్తయి.

*

పశువైద్యశాల

కిష్టవ్వకు నౌషీన్ సలాం చేసి రాసేది,

తోలుకరా. గేటు తెరిచి పెడుత. ఇగ ఆఫీసు తెలుగు పక్కన పెడుతున్న, నువ్వు గా భాషల వింటలేవు. నాది ఆసిఫాబాద్. మా దాదీ లతీఫున్నీసా మేకలు సాకింది, నీకన్న మొండిది. నాకు మొండోళ్ళు కొత్త కాదు.

నీ ఊర్ల రౌడీలు కొందరున్నరు, మామూలు మనుషులు శానమంది ఉన్నరు అనుకో. పోలీసులు వచ్చి మామూలోళ్ళనందర్ని ఎల్లగొట్టిండ్రు. రౌడీలు దొరకలే. ఇగ ఊరు ఎవ్వలది? రౌడీలది, వాళ్ళ పిల్లలది. అన్ని గొర్లకు ఒక్కసారే మందు తాపితే గదే అయితది. మందుకు చచ్చే నట్టలన్ని చస్తయి, చావనియి మిగిలి పిల్లల్ని పెడ్తయి. ఎర్ర కండ్ల గొర్లను మందు లేకుండ వదిలితే మామూలు నట్టలు కొన్ని ఉంటయి, వాటితోని కలిసి రౌడీలు పలచబడుతరు. అప్పుడు మందు ఇంకా కొన్నేండ్లు పనిచేస్తది.

మందు నా కాడ ఉన్నది. అన్నిటికి సరిపోయేంత ఉన్నది. అయినా ఇయ్య. ఏం చేస్తవో చెయ్యి.

నేను కూడ తగ్గ,
నౌషీన్

తా.క. పొద్దుగాల మంచు ఆరకముందు చెరువు ఒడ్డు పచ్చికల మేపకు. నట్టల పిల్లలు గడ్డి కొసలకెక్కి గొర్రె నోటికోసమే చూస్తుంటయి. ఇది కూడ వినవని తెలుసు.

*

ఎర్రొర్రె

నౌషీన్‌కు కిష్టవ్వ రాసేది,

నువ్వు చెప్పింది అబద్ధమని చూపెట్టేందుకే కండ్లు చూసిన. ముందే చెప్తున్న, నువ్వు చెప్పినవని కాదు.

మందల అన్నిటికంటె బలిసిన పొట్టేలు ఉన్నది, వాని రెప్ప జరిపితే సున్నం ఏసిన గోడ లెక్క ఉన్నది. కుంటిది రేపో మాపో పోతదనుకున్నం, దాని కన్ను మందారమోలె ఎర్రగున్నది. నా లెక్క ఉల్టా అయ్యింది. తెల్లటియి ఏరి బరువు చూసి తాపిన. వాపులు దిగినయి, మేత పట్టినయి. నువ్వు గెలిచినవనుకోకు. గెలిచింది గొర్లు.

అసలు ముచ్చట వేరే. నా కోడలు వందన నీ రంగుల కార్డు చూసి, జాకిట్ గుడ్డల షాపోళ్ళది అనుకోని చీరెకు పెట్టి చూస్తున్నది. గట్ల కాదు బిడ్డా, కంటికి పెట్టి చూడాలెనని నవ్వులాటకు దాని రెప్ప జరిపిన. నా నవ్వు ఆగిపోయింది. ఐదో నంబరు. రెండు మెట్లెక్కితే రొప్పుతది, నిలవడితె కండ్లు తిరుగుతయి. మొగడు దుబాయిల ఉన్నడు, గాయన మీద బెంగ అని ఊరి డాక్టరు గ్లూకోజ్ ఎక్కిచ్చి పంపుతుండె. బెంగకు కన్ను తెల్లవడదు. గా ఊరి డాక్టరు వద్దంటున్నా ఇనక పెద్దదవఖానకు తోలుకపోయిన. రక్తం సగమే ఉన్నదట. ఇంకా ఆలస్యమైతే పానం మీదికి వచ్చేదన్నరు. రక్తం ఎక్కిచ్చిండ్రు, ఇనుము గోలీలిచ్చిండ్రు, కడుపుల నట్టలున్నయని ఇంకో గోలీ ఇచ్చిండ్రు.

గా గోలీ పేరు చదివితే, నీ పాత మందు సీసా మీదున్న పేరే. నేను ఊకుంటనా? గీ మందు మా దిక్కు నట్టలకు పనిచెయ్యది, కావాల్నంటే నౌషీన్ డాక్టరమ్మను అడుగుండ్రి అని లొల్లి వెట్టిన. గోలీ ఇంకా వందనకు వెయ్యలే, నువ్వు చెప్పినంకనే వేస్త.

పరేషాన్‌ల ఉన్న,
కిష్టవ్వ

మర్చిపోయిన: వందనను చూసి వాడకట్టు ఆడోళ్ళందరు గొర్ల దొడ్డి కాడ వరుస కట్టిండ్రు. కండ్లద్దాలు పెట్టుకోని అందరి కండ్లు చూసిన. తెల్లటోళ్ళను ఆటోల ఎక్కిచ్చి పెద్దదవఖానకు పంపిన.

*

పశువైద్యశాల

కిష్టవ్వకు నౌషీన్ సలాం,

ముందు గోలీ వేయించు. ఇయ్యాలనే. మనిషి కడుపుల నట్టలు వేరు, గొర్రె కడుపుల నట్టలు వేరు. గొర్లయి మందుకు మొండికేసినయని వందనయి కూడ మొండికేసినట్టు కాదు. ఇనుము గోలీలు ఆపనియ్యకు. పొలంల చెప్పులు లేకుండ నడవనియ్యకు, మనిషి నట్టలు కొన్ని అరికాళ్ళ నుంచి ఎక్కుతయి. వందన బతికింది నీ మొండితనం తోని. గిది రాసేటప్పుడు నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి, ఎవ్వలికి చెప్పకు.

ఇగ నా సంగతి. మీ ఆడోళ్ళను పెద్దదవఖానల 'ఎవ్వలు పంపిండ్రు' అని అడిగితే 'పశువుల డాక్టరమ్మ కార్డు పంపింది' అన్నరట. గా మాట జిల్లా ఆఫీసుకు చేరింది. మా పై అధికారి అరుణ్‌కుమార్ సారు మెమో పంపిండు. పశువైద్యురాలు ఆడవాళ్ళకు పరీక్షలు ఎందుకు చేసిందో సంజాయిషీ రాయాలెనట. తప్పైందని రాస్తే వదిలేస్తరని నాగరాజు చెప్తుండు. నేను రాయ. చెయ్యని తప్పుకు తల వంచ.

నౌషీన్

తా.క. 'మొండిపట్టు అంటువ్యాధి, ఎర్రొర్రె నుంచి వచ్చింది' అని జవాబు రాద్దామనుకుంటున్న.

*

ఎర్రొర్రె

నా బిడ్డ నౌషీన్‌కు కిష్టవ్వ కడుపునిండ దీవెనలు,

జవాబు రాయకు. నేనే చెప్పొచ్చిన.

నీ కాయితం అందంగనే వందనను, వాడకట్టు ఆడోళ్ళను ఆటోల ఎక్కిచ్చుకోని జిల్లా ఆఫీసుకు పోయిన. సారు మీటింగుల ఉన్నడన్నరు. మేము కూడ మీటింగుకే వచ్చినమని లోపలికి నడిచినం. సారు ఎదురుంగ నిలవడి చెప్పిన: "కండ్లు చూసింది నేను. ఒకల కన్ను ఒకలు చూసుకోవద్దని ఏ కానూన్ల ఉన్నదో చూపియ్యి." వందనను ముందట నిలవెట్టి, గీ పిల్ల బతికినందుకా మెమో అని అడిగిన.

సారు అందర్ని చాయ తాగుండ్రని బయటికి పంపి, నన్ను ఒక్కదాన్నే ఉండమన్నడు. ఇగ నాకు కూడ మెమో ఇస్తడేమో, ఇయ్యనీ అనుకున్న. గాయన తలుపు దిక్కు చూసి, గొంతు తగ్గిచ్చి, ఇంటామె సంగతి చెప్పిండు. బడిల పంతులమ్మ అట. శాన రోజుల నుంచి అలిసిపోయి ఉంటున్నదట, మాట్లాడదట, నవ్వదట. టానిక్కులు తెచ్చిచ్చినా లాభం లేదట.

"అవ్వా, జర ఆమె కన్ను కూడ చూస్తవా?" అన్నడు.

"ముందు మెమో చింపు" అన్న.

చింపిండు. ముక్కలు నా కొంగుల కట్టుకున్న.

ఇంటికి తోలుకపోయిండు. ఆమె బడి నుంచి అప్పుడే వచ్చినట్టున్నది, చీరె కూడ మార్చుకోకుండ పొయ్యి కాడ నిలవడ్డది. వెనుక గిన్నెలు తొట్టి దాటి గట్టు మీదికెక్కినయి. రెప్ప జరిపి చూసిన. సారు పక్కన నిలవడి ఏ నంబరు, ఏ నంబరు అని అడుగుతుండు. ఒకటో నంబరు, ఫికర్ లేదు అన్న. మరి రోగమేందన్నడు. గీ ఇంట్ల వంట ఎవ్వలు చేస్తరని అడిగితే ఆమె అన్నడు. గిన్నెలు, బట్టలు, మంచంల ఉన్న నీ అవ్వకు గోలీలు? అన్నిటికి గదే జవాబు.

"ఆమెకు రక్తం తక్కువ లేదు సారూ, ఆసరా తక్కువున్నది. మందు తాగవలసింది నువ్వు."

గప్పుడు ఆమె నవ్వింది. మంచిగ, పొయ్యి బందు చేసి కూసోని నవ్వింది. సారు చొక్కా చేతులు మడిచిండు. మొదటి గ్లాసు కడిగేదాక నేను కదలలే.

నీ లెక్కనే తల వంచని,
కిష్టవ్వ

మర్చిపోయిన: ఆమెను నువ్వొకసారి తోలుకపోయి రక్తం పరీక్ష చేపియ్యి. నీ కాయితం చదివిన కోపంల కండ్లద్దాలు ఇంట్లనే ఉండిపోయినయి. రెప్ప నాకు సక్కగ కనవడలే. గిన్నెల కుప్ప మాత్రం మంచిగనే కనవడ్డది.