చదివి వినిపించడమైనది

జూన్ 18, 1941. జగదల్‌పూర్

ప్రసూన ఉద్యోగం చేస్తానంటోంది.

ఇక్కడికి దూరంగా కొంటలో ఆడపిల్లల బడికి టీచరమ్మ కావాలని కచేరీ గోడకు నోటీసు అంటించారు. పొద్దస్తమానం ఆ కచేరీ వరండాలోనే కూర్చుని నలుగురికీ అర్జీలు రాసిపెట్టేవాణ్ణి నేను. పొద్దున్నే చూశాను. ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం కట్టెల మోపు దించడానికి వచ్చిన హుంగే చెప్పేసింది. ఆమెకు బజారులో ఎవరో చెప్పారట. నువ్వు చూడలేదా ఏంది మామయ్యా అని ప్రసూన అడిగింది. గమనించలేదన్నాను.

జూన్ 19

జ్ఞానప్రసూన మా చెల్లెలి కూతురు. కొంటలో వాళ్ళ నాన్నకు ఉప్పు దుకాణం ఉండేది. ఆ దుకాణం అరుగు మీదే పెరిగింది. ఉప్పు కోసం వచ్చే ఊళ్ళవాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ వాళ్ళ భాష డోర్లీ నేర్చుకుంది. భద్రాచలంలో తెలుగు బడిలో ఎనిమిది పాసైంది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు. మా ఆవిడ మంచాన పడ్డప్పుడు సాయానికి ఇక్కడికి వచ్చింది. ఆవిడ పోయింది, ఈమె ఉండిపోయింది.

ఇప్పుడు ఈ ఇల్లు ఆమెది. నా పంచె ఎక్కడుందో, నాకు పులుపు ఎంత కావాలో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆమె వెళ్ళిపోతే అనుకోగానే ఆకలి చచ్చింది. అన్నం సగంలో లేచాను. ఒంట్లో బాగలేదా అని ఆమే అడిగింది. సిగ్గేసింది.

జూన్ 21

ఇవాళ ఒకాయనకు ఫారెస్టు గుమాస్తా పోస్టుకు అప్లికేషన్ రాశాను. నలుగురు పిల్లలు, ముసలి తల్లి, దిక్కులేని వాణ్ణి అని రాయమంటాడు. ఎవరొచ్చినా ఇదే ఏడుపు. అందరికీ చెప్పేదే ఆయనకూ చెప్పాను. నీకు ఏం కావాలో సాహెబుకు అక్కర్లేదయ్యా. ఆయనకు కావలసింది నోటీసులో ఏదో ఒక ముక్కలో దాగి ఉంటుంది. అది నీ దగ్గర ఉందని రెండో పేరాలో చెప్పు. ఏ పోస్టుకో మొదట, నమస్కారం చివర. పేజీ దాటితే ఆ కాగితం పల్లీల పొట్లానికి పోతుంది. శుభలేఖలాగా మూలలకు పసుపు అద్దకు.

కొంట నోటీసులో ఆ ముక్క చివరి వరసలో ఉంది. స్థానికుల భాష వచ్చినవారికి ప్రాధాన్యం.

జూన్ 22

రాశాను. ప్రసూన అప్లికేషన్‌లో చదువు, వయసు, నడవడి, అన్నీ బాగా కుదిరాయి. రెండో పేరాలో డోర్లీ దగ్గర ఆగాను. ఆ ఒక్క వాక్యం రాస్తే పోస్టు ఆమెదే. డోర్లీ వచ్చి, చదువుకున్న ఆడమనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

రాయలేదు. అప్లికేషన్ పొట్టిగా ఉండాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. నేను ఇంకో మెట్టు ఎక్కాను. పెట్టినట్టే కనిపించాను.

జూన్ 23

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంగ్లీషు రాని వాళ్ళకు అర్జీ రాస్తే, వాళ్ళ భాషలో మొత్తం చదివి వినిపించాలి. విన్నాకే వాళ్ళ సంతకం. దాని కింద ‘చదివి వినిపించడమైనది’ అని ఇంగ్లీషులో రాసి మేం సంతకం పెడతాం. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఆ మాట అబద్ధం కాలేదు.

ప్రసూన చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. రెండో పేరా అయిపోయింది. ఆమె ఇంకా నా ముఖమే చూస్తోంది. దేని కోసం చూస్తోందో నాకు తెలుసు. కాగితం మీద నుంచి కన్ను ఎత్తకుండా, అర్జీదారుకు డోర్లీ తల్లిభాషంత బాగా వచ్చునని చదివేశాను. లేని వాక్యాన్ని. తడబడలేదు కూడా.

మంచిగ రాసినవ్ మామయ్యా అంది. తెలుగులో సంతకం చేసింది. కింద నేనూ చేశాను. మూలలకు పసుపు అద్దబోతే వద్దన్నాను, సాహెబు నవ్వుతాడన్నాను. ఆ కాగితం మీద నాకు అంత శ్రద్ధ.

జూన్ 24

పాయసం చేసింది. తిన్నాను.

జులై 30

ఆఫీసు ప్యూన్ సుక్రాం వరండాలోకి వచ్చి చెప్పాడు. పోస్టు రాయ్‌పూర్ నుంచి ఎవరో ఒకామెకు ఇచ్చారట. మున్షీజీ, మీ బిడ్డ అప్లికేషన్ సాబ్ శానాసేపు చేతుల పట్టుకున్నడు, రాత బాగుంది గాని ఇక్కడి బోలీ ఒక్కటి గూడ రాదాయె, ఆ పిల్లలతోని ఏం మాట్లాడ్తది అని పక్కన పెట్టిండు అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఇంటికొచ్చి, రాలేదమ్మా అన్నాను. ఎందుకట అంది. ఎవరికి తెలుసు అన్నాను.

ఆగస్టు 2

సుక్రాం మా వీధిన పోతూ మంచినీళ్ళు అడిగాడట. తాగి, కారణం చెప్పి పోయాడు.

నేను వచ్చేసరికి ప్రసూన చేటలో బియ్యం ఏరుతోంది. ఇప్పుడు అడుగుతుంది, దొరికిపోతాను అనుకున్నాను. అడగలేదు. నువ్వు అంత మంచిగ రాసినా గూడ ఏ బోలీ రాదన్నరంటే, మన డోర్లీ వాళ్ళ లెక్కల భాషే గాదేమో మామయ్యా అంది. అడవిల మాట్లాడేది గదా, దాన్ని చదువు కింద ఎవరు జమ కడ్తరు అంది.

నన్ను అనుమానిస్తే బాగుండేది. నా మీద ఉన్న నమ్మకం కొద్దీ తనను తాను తక్కువ చేసుకుంది. లోపలికి వెళ్ళి గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఆగస్టు 21

హుంగేది కొంట వైపు. మొగుడు రోడ్డు పనికి వస్తే వెంట వచ్చింది. కట్టెలు దించాక ప్రసూనా ఆమే పెరట్లో డోర్లీలో ముచ్చట్లు పెట్టేవాళ్ళు. నాకు ముక్క అర్థం కాదు. ఏమిటా గోల అని విసుక్కుంటూనే ఆ నవ్వుల కోసం చెవి అటే వేసేవాణ్ణి.

ఇవాళ హుంగే డోర్లీలో ఏదో అడిగింది. ప్రసూన తెలుగులో జవాబు చెప్పింది. హుంగే మళ్ళీ అడిగింది. మళ్ళీ తెలుగే. పోతూ పోతూ హుంగే నా దగ్గర ఆగి, అక్కకు నా మీద కోపమా అయ్యా, నేనేం జేసిన అంది. నువ్వేమీ చేయలేదన్నాను. నిజం కాబట్టి ధైర్యంగానే అన్నాను.

సెప్టెంబర్ 30

దసరా. ఊరంతా జనం. కొంట వైపు నుంచీ వచ్చారు. ఏటా ప్రసూన ఆ వచ్చినవాళ్ళ బసల మధ్య తిరిగి, ఎవరి బిడ్డకు పెళ్ళయింది, ఎవరి ఆవు ఈనింది అని అడిగి తెలుసుకుని గొంతు బొంగురు పోయి వచ్చేది. ఈసారి రథం కూడా చూడలేదు. తలుపు వేసుకుని అప్పడాలు ఒత్తింది. మంచాల మీద, చాపల మీద, ఎక్కడ చూసినా అప్పడాలే. ఎవరు తినాలి ఇన్ని?

ఇంట్లో ఉండాలని కోరుకున్నాను. ఉంది.

అక్టోబర్ 13

రాయ్‌పూర్ టీచరమ్మ తిరిగి వెళ్ళిపోయింది. పిల్లలకు ఆమె మాట తెలియదు, ఆమెకు వాళ్ళ మాట తెలియదు. ఒక్కొక్కరే మానేశారట. నోటీసు మళ్ళీ అంటించారు. కలం, కాగితాలు సర్దేసి పరుగున ఇంటికొచ్చి చెప్పాను.

ప్రసూన తల ఎత్తలేదు. వద్దు మామయ్యా, నీ చేతి రాతకే రాని నౌకరీ ఇంక నాకేడ వస్తది అంది.

నా పేరు ప్రతిష్ఠలు తగలెయ్య.

అక్టోబర్ 14

ఆమె వద్దన్నా రాశాను. డోర్లీతోనే మొదలుపెట్టాను. మూడో పేరాలో నమస్కారానికి బదులు ఇది రాశాను. జూన్‌లో పంపిన అప్లికేషన్లో ఈ సంగతి లేకపోవడం అర్జీదారు తప్పు కాదు. రాసినవాడు ఆమె మేనమామ. ఆమె తన ఇల్లు విడిచి పోతుందని కావాలనే వదిలేశాడు. ఆమెకు మాత్రం ఉన్నట్టు చదివి వినిపించాడు.

ఇది చూస్తే కచేరీ వాళ్ళు వరండాలో నా చోటు తీసేస్తారు. తీసేయనీ.

ఆమెను పిలిచి కూర్చోబెట్టి చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు. మూడో పేరాలో ఆగిపోయాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. కాగితం తన వైపు తిప్పుకుని, డోర్లీ అన్న మాట ఏడ ఉన్నది అని అడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత సంతకం చేసింది. నేనే ఇచ్చొస్త, నువ్వు రావొద్దు అంది.

అక్టోబర్ 15

హుంగేను తోడు తీసుకుని బయలుదేరింది. గడప దాటాక వెనక్కి తిరిగి, నా ముఖంలోకి చూస్తూ డోర్లీలో ఒక మాట అంది. హుంగే తల దించుకుంది.

ఏమందని హుంగేను అడిగాను. ఆమెనే అడుగుండ్రి అయ్యా అంది.

నాకు డోర్లీ రాదు.