వంతెన ఎత్తు మీద హైబ్రిడ్ బైకు

తమ్ముడు బెన్హర్‌కి అక్క దీవెనలు.

హైబ్రిడ్ బైకు వద్దని ఫోనులో గట్టిగా చెప్పావు. "పెట్రోలు ఇంజనొకటి, బ్యాటరీ మోటారొకటి. రెండు రిపేర్లొస్తాయి, సూసుకో అక్కా!" అన్నావు. నువ్వు మెకానిక్‌వి కదా, అందుకే ముందు నడిపి చూద్దామని మీ బావా నేనూ కొత్తవలస షోరూముకి వెళ్ళాం.

కొత్త బండి నడిపి చూస్తుంటే, పోయినేడు పాత బండి ఆగిపోయి నేను పడిన వంతెన ఎత్తు మీదే ట్రాఫిక్ ఆగింది. బండి నిలబడితే పెట్రోలు మిగలడానికి ఇంజను ఆగిపోతుందట, అలాగే దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ పడతానని రెండు కాళ్ళూ నేలకి ఆన్చేశాను. వెనక కూర్చున్న మీ బావ, "బయపడకే, ఏక్సిలరేటరు మెల్లగా తిప్పు. నేనున్నాను కదేటి," అన్నారు. తిప్పాను. ముందు మోటారు మెత్తగా తోసింది, తర్వాత ఇంజను అందుకుంది. వంతెన దాటేశాం.

పెట్రోలు ఎంత మిగులుతుందో తెలియదు గానీ, నా భయం మాత్రం పోయింది. బండి తీసుకున్నాం. ఇక పాఠాలు చెప్పడానికి నెల్లిమర్ల బడికి నేనే నడుపుకుంటూ వెళ్తాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాం. నీ భార్య షీబాని తయారుగా ఉండమను. వెనక ఎక్కించుకుని సముద్రం దాకా తిప్పుతాను.

నీ అక్క