ఈసారి బీడీలు పంపడం లేదు

బోధన్,
18 ఫిబ్రవరి 1996

తుకారాం బాపుకు నమస్కారాలు.

నేను, అత్తమ్మ బాగానే ఉన్నాము. 'అందరం' అని రాసి ఆ మాట కొట్టివేశాను. మస్కట్‌లో మీ నడుము నొప్పి ఎట్లా ఉందో రాయండి.

ఇంటి మీద రేకులు వేయించావా అని అడిగారు, వేయించాను. అత్తమ్మకు కంటి ఆపరేషన్ నిజామాబాద్‌లో అయింది. ఇప్పుడు నేను ఏరిన బియ్యంలో రాళ్లు తీసి నాకే చూపిస్తున్నది. రాజమల్లు అక్కడికి వచ్చేటప్పుడు అతనితో బీడీలు పంపమన్నారు. అది చివర రాస్తాను.

ఎంక్వయిరీ సంగతి అడిగారు కదా. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి, మండలాఫీసులో కూర్చుని హాస్టల్ పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగింది. వార్డెన్ సారు కొడతాడని పదకొండు మంది చెప్పారు. మన కొడుకు తుకారాంకు నాలుగు రోజులు జ్వరం ఉన్నా దవాఖానకు తీసుకుపోలేదని కూడా వాళ్లే చెప్పారు. వాళ్లను వేరే హాస్టల్‌కు మార్చారు, వారానికోసారి డాక్టరమ్మ వచ్చి మాట్లాడుతున్నది. వాళ్లలో అంజవ్వ కొడుకు ఇప్పుడిప్పుడే కడుపునిండా తింటున్నాడట.

నన్నూ పిలిచింది.

"నీ కొడుకు నీకు ఎన్నడన్న ఏమన్న చెప్పిండా అమ్మా?"

"లేదు మేడం."

వార్డెన్ సారు బెంచీ మీదనే ఉన్నాడు. నాకు నమస్తే పెట్టాడు. ఆయన గదిలో దొరికినవి బల్ల మీద పెట్టారు. ఒక బెత్తం, ఒక బెల్టు, ఒక బీడీల కట్ట. దారం మూడు చుట్లు చుట్టి కొస లోపలికి దోపి ఉంది. అట్లా కట్టేది నేను.

మేడంకు చెప్పింది అబద్ధం. మీకూ ఇన్నాళ్లు రాయలేదు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు తుకారాం మోచేతి మీద గుండ్రటి మచ్చలు మూడు ఉన్నాయి.

"అవ్వా, సారు బీడీతోని అంటిస్తుండు. నేను పోను" అన్నాడు.

"నువ్వేం లొల్లి చేసినవో. ఉత్తగనే అంటిస్తడా?" అన్నాను.

మంచి ఆకు ఏరి చుట్టిన బీడీలు ఒక కట్ట కట్టి, వాన్ని నేనే బస్సులో తీసుకుపోయి, "పోరన్ని జర మంచిగ సూస్కోండ్రి సారూ" అని ఆయన చేతిలో పెట్టి వచ్చాను. పోయినప్పుడల్లా అట్లనే ఇచ్చేదాన్ని. ఆనాడు తుకారాం ఆ కట్టనే చూశాడు. నా ముఖం చూడలేదు. కార్తీకంలో ఆ జ్వరంతోనే పోయాడు.

బల్ల మీద ఆ కట్ట చూసి వచ్చినప్పటి నుంచి బీడీలు చుట్టే చాట ముట్టలేదు. మొన్న సోమవారం మళ్లీ మండలాఫీసుకు పోయాను.

"ఆనాడు లేదన్నవు గద. ఇప్పుడు చెప్తే తప్పు నీ మీదికే వస్తది" అన్నాడు క్లర్కు.

"రానీ. రాస్కో సారూ" అన్నాను.

మచ్చల సంగతి, బీడీలు నావేనన్న సంగతి రాయించి సంతకం పెట్టాను. కోర్టుకు పిలుస్తారట, పోతాను. అత్తమ్మకు చెబితే రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు నా ముందు కంచం పెట్టి పోయింది. మీరు వచ్చినాక ఏమన్నా పడతాను.

రాజమల్లుతో కారప్పొడి, మామిడి తొక్కు పంపుతున్నాను. మూట విప్పి బీడీల కోసం వెతకకండి.

ఇట్లు,
తుకారాం అవ్వ