నాలుగు మూలల బొట్టు

1984 జూన్ 4, సోమవారం

ఈరోజు గెలిచాను. సగం గెలుపే. సగమైనా గెలుపే.

ఎమ్మిగనూరు నుంచి దుప్పట్ల వ్యాపారి మొయినుద్దీన్ సాబ్ వచ్చాడు. రంజాన్ నెల, రోజా ఉన్నాడు, టీ వద్దన్నాడు. ‘పాలపిట్ట మార్కు దుప్పట్లు’ అని లేబుల్ కావాలట. మూడు రంగులు, నున్నటి కాగితం. మా ప్రెస్సులో కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్‌కు అది చేతకాదు. బెంగళూరు ఆఫ్‌సెట్ ప్రెస్సులో వేయించాలి. వాళ్లకు ఆర్ట్‌వర్క్ మాత్రం మనమే తయారు చేసి పంపాలి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు ముందే సరుకు మీద లేబుల్ పడాలి.

ఆర్ట్‌వర్క్ ఎప్పుడూ బళ్లారి ఆర్టిస్టు చేస్తాడు. ఈసారి ఖాళీ లేదని కబురు పెట్టాడు. మా ఓనరు వెంకోబారావు సార్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఓ మూల పెళ్లిపత్రికలు మడుస్తున్న నేను లేచి, నేను చేస్తా అన్నాను.

సార్ నవ్వాడు. ఎవరైనా అట్లా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. బీరువాలో పడున్న బళ్లారి ఆర్టిస్టు పాత ఆర్ట్‌వర్కులన్నీ మధ్యాహ్నం అన్నాలప్పుడు విప్పి చూశానని చెప్పాను. ఏ షీటు మీద ఏ షీటు ఎందుకు అతికించాడో తెలుసన్నాను. ఆయన చేతికేమైనా బంగారు తొడుగుందా అని కూడా అడిగాను. అంతమాట అక్కర్లేదు. అయినా అడిగాను.

సార్ ఏమన్నాడంటే, సరే చెయ్యి మార్తా, బాగొస్తే కిటికీకాడ బల్ల నీది, ఇంక ఈ ప్రెస్సుకు ఆర్టిస్టు నువ్వే, చెడిందనుకో, ఉన్నన్నాళ్లూ కార్డులు మడుచుకుంటా కూచోవాల, మళ్లీ నోరెత్తకూడదు అన్నాడు.

ఒప్పుకున్నాను.

జూన్ 7

అంతా నలుపే. ఇంత విచిత్రమైన పని ఇంకోటి లేదు. మూడు రంగుల బొమ్మకు రంగే ముట్టకూడదు. అడుగున అట్ట మీద నల్ల సిరాతో అక్షరాలు, గీతలు. దానిమీద ట్రేసింగ్ షీటు. అందులో నీలం రావాల్సిన చోటంతా నలుపు. దానిమీద ఇంకో షీటు. పసుపు రావాల్సిన చోటంతా అదీ నలుపే. అంచున ‘ఇది నీలం’, ‘ఇది పసుపు’ అని రాస్తే చాలు. వాళ్లు ఒక్కో షీటునూ విడిగా ఫోటో తీసి, ఒక్కో ప్లేటు చేసి, రంగు మీద రంగు ఎక్కిస్తారు. అన్ని షీట్లలోనూ ఒకే చోట ప్లస్ గుర్తులు పెట్టాలి. అవి ఒకదాని మీద ఒకటి కూర్చుంటే బొమ్మ కూర్చున్నట్టే.

నాకిది కొత్త కాదు. నాయన ప్రభుదాసు పత్తి ఫ్యాక్టరీలో బేళ్ల మీద రంగు పూసి మార్కు కొట్టే రేకులు కోస్తాడు. రెండు రంగుల మార్కుకు రెండు రేకులు. ఒకటి గోరంత జరిగితే మార్కు పాడు. చిన్నప్పటి నుంచి ఆ రేకులు పట్టుకున్నదాన్ని. బళ్లో ఎనిమిది తప్పాను. రేకుల దగ్గర తప్పలేదు.

జూన్ 9

మొయినుద్దీన్ సాబ్ ఆర్ట్‌వర్క్ చూడ్డానికి వచ్చాడు. ఒక షీటు ఎత్తాడు, నలుపు. రెండోది ఎత్తాడు, నలుపు. మొహం వాడిపోయింది. ఏమమ్మా, నేను పాలపిట్ట అడిగితే నువ్వు కాకిని గీసినావు, కాకి మార్కు దుప్పటి ఎవుడు కప్పుకుంటాడు, పీనుగ మీద కప్పల్ల అన్నాడు.

ట్రెడిల్ తొక్కే మద్దయ్య మిషన్ ఆపి మరీ నవ్వాడు. సాబ్, నీలంరంగు వేసి ఇస్తే బెంగళూరోళ్లు దాన్ని ప్లేటు చెయ్యలేరు, రంగు వాళ్ల దగ్గరుంటుంది, ఆకారం మాత్రం మనం ఇవ్వాల అని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. కాకి రెక్కలు మాత్రం బాగుండాయి అని పోయాడు.

జూన్ 11

పార్శిల్ పోయింది.

కవరులో పట్టడం లేదని సార్ అట్ట అంచులు కత్తిరించేశాడు. వెడల్పుగా వదిలిన అంచు వేలి మందమంత అయిపోయింది. అరిచాను. ప్లస్ గుర్తులుండాయి గదా, ఇంకేం కావాల అన్నాడు.

ఈ ప్రెస్సులో ఏ కొత్త పనీ బొట్టు లేకుండా గడప దాటదు. సార్ భార్య రుక్మిణమ్మ వెనకింట్లోంచి కుంకుమ గిన్నెతో వస్తుంది. కుంకుమను నీళ్లతో తడిపి, పెళ్లిపత్రికకు పెట్టినట్టు నాలుగు మూలలా పెడుతుంది. నా అట్టకూ పెట్టింది. నా చేతి నుంచి తీసుకోదు. బల్ల మీద పెట్టాలి, అప్పుడు తీసుకుంటుంది. పెట్టాను. ఆమె బొట్టు ఎప్పుడూ పెద్దది.

జూన్ 25, సోమవారం

లేబుళ్లు వచ్చాయి. తొందరలో ప్రూఫ్ అడగలేదు, ఒకేసారి మొత్తం అచ్చేశారు.

పాలపిట్ట నీలంగా, ఎగరబోతున్నట్టు ఉంది. అక్షరాలు కత్తితో కోసినట్టున్నాయి. నాలుగు మూలలా నాలుగు నల్లటి మరకలు.

మొయినుద్దీన్ సాబ్ ఒక లేబుల్ వెలుగుకు పట్టుకుని చూసి, ఏమప్పా వెంకోబారావూ, నా దుప్పటికి దిష్టిచుక్కలు పెట్టినావా, ఒకటి సాలదని నాలుగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తిరునాళ్లకు మల్లా ఏసిస్తావో, బళ్లారికి పొమ్మంటావో సెప్పు అని అడిగాడు. వేసిస్తాను, బళ్లారాయన్ను కాళ్లు పట్టుకునైనా రప్పిస్తాను అన్నాడు సార్.

సాబ్ పోయినాక సార్ నావైపు తిరిగాడు. సిరా చిందించుకుని చెప్పకుండా పంపినావు అన్నాడు. చిందలేదన్నాను. మరి ఆకాశం నుంచి పడిందా అన్నాడు.

మళ్లీ కార్డులు మడుస్తున్నాను.

జూన్ 26

నా చేతి నుంచి ఒక్క చుక్క పడలేదు.

జూన్ 27

చిందితే ఒకచోట చిందుతుంది. నాలుగు మూలలా కొలిచినట్టు చిందే సిరా ఎక్కడైనా ఉందా? ఈ మాట ఎవరికీ తట్టదేం?

బెంగళూరు ప్రెస్సుకు నేనే కార్డు రాశాను, ఆర్ట్‌వర్క్ తిరిగి పంపమని. వచ్చీరాని కన్నడంలో. తప్పులుంటే ఉండనీ, కోపం అర్థమైతే చాలు.

జూలై 1, ఆదివారం

రంజాన్ పండుగ. బడే సాబ్ ఫోటో స్టూడియో ముందు కొత్తబట్టల జనం. మా చర్చిలో సహనం మీద ప్రసంగం. మధ్యలో లేచి వచ్చేశాను.

జూలై 4

అట్ట తిరిగొచ్చింది. దానిమీద నల్ల మరక ఒక్కటీ లేదు!

నాలుగు మూలలా ఎండిపోయిన కుంకుమ. సగం అంచు మీద, సగం డిజైన్ లోపల. లేబుల్ మీద మరక ఉన్న చోటే, అదే సైజు. బెంగళూరు ఫోర్‌మన్ ఒక ముక్క రాశాడు, మూలల పూలు మీ డిజైన్ అనుకున్నాం, అందుకే చెరపలేదని.

ఎర్రది నల్లగా ఎట్లా పడింది?

జూలై 5

నాయనకు చెప్పాను. రేకు కోస్తున్నవాడు కత్తెర కింద పెట్టాడు. మార్తా, ఆ మాట నీ నోట రాకూడదు, మనం ఏసు బిడ్డలం, వాళ్ల కుంకుమ పనిని సెడగొట్టిందని నువ్వంటే నీ దేవుడు పలికించినాడంటారు, పని ముచ్చట ఎవురూ వినరు, మడుసుకుంటా కూచో తల్లీ అన్నాడు.

నాయన చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు మంట.

నిరూపించాలి. నోటితో కాదు, కాగితంతో.

జూలై 6, శుక్రవారం. మధ్యాహ్నం

దొరికింది, దొరికింది!

బడే సాబ్ నమాజు నుంచి వచ్చి స్టూడియో తలుపు తీసేసరికి నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. డార్క్‌రూమ్ చూపించమన్నాను. పండుగ ఫోటోలు కడగాల, నీ గొడవేంది బేటీ అన్నాడు. చెప్పాను. తనతోబాటు లోపలికి తీసుకుపోయాడు. ఎర్ర బల్బు వెలుగుతోంది. లైటు తగిలితే ఫోటో కాగితం పాడవుతుందంటారు కదా, ఈ బల్బు కింద ఎందుకు పాడవదు అని అడిగాను. ఈ కాయితానికి ఎరుపు కనపడదు, అది ఎరుపుకు గుడ్డిది, అచ్చు ప్రెస్సులోళ్ల ఫిల్మ్ కూడా ఇదే జాతి అన్నాడు.

అయితే దానికి ఎరుపంటే చీకటి. చీకటంటే నలుపు!

అక్కడికక్కడే టెస్టు చేశాం. ట్రేసింగ్ షీటు మీద ఒక నల్ల సిరా చుక్క, ఒక కుంకుమ చుక్క పలచగా, ఒక లేత నీలం పెన్సిల్ గీత. దాన్ని ఫోటో కాగితం మీద పరిచి, తెల్ల లైటు చిటికెసేపు వేసి, మందులో ముంచాం. లైటు తగిలిన చోటంతా కాగితం నల్లబడింది. సిరా అడ్డుపడ్డ చోట తెల్లగా ఒక గుండ్రం. కుంకుమ అడ్డుపడ్డ చోట అట్లాంటిదే ఇంకో గుండ్రం. ఏది ఏదో చెప్పలేం. నీలం గీత అసలు లేనే లేదు.

బడే సాబ్ ఆ ముక్కను ఆరేసి, తీసుకోబో, కొట్లాడుపో అన్నాడు. పైసా తీసుకోలేదు.

జూలై 7

పొద్దున రుక్మిణమ్మ ప్రెస్సులోకి వచ్చేదాకా ఆగి, అమ్మా, మీ బొట్టే మరకైంది అన్నాను.

సార్ కుర్చీలోంచి లేచాడు. ఎన్నాళ్లుగా కడుపులో పెట్టుకున్నావే ఈ మాట, మా బొట్టు నీకు పనికిరాదా అన్నాడు. నాయన చెప్పినట్టే అయింది. మద్దయ్య మిషన్ ఆపేశాడు.

ఆ ఫోటోముక్కనూ, వెనక్కొచ్చిన అట్టనూ, చెడిన లేబుల్‌నూ బల్ల మీద టపటపా వరసగా పెట్టాను. నేను బొట్టును అనలేదు, కెమెరాను అంటున్నాను, నా బైబిలు అట్ట ఎర్రది, దాన్ని పెట్టినా నల్లగానే పడుతుంది అన్నాను.

రుక్మిణమ్మ ముక్క తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. అట్ట చూసింది, లేబుల్ చూసింది. అంటే దానికి కుంకుమా కాటుకా ఒకటేనా, అయ్యో దేవరే, ఎంత గుడ్డి ముండదే ఆ కెమెరా అంది. తర్వాత నావైపు తిరిగి, బొట్టు లేకుండా పని గడప దాటేది లేదు, యాడ పెడితే దానికి అడ్డం రాదో సెప్పు, ఆడ పెడతా అంది.

కొట్లాటకు పోయినదానికి పీట వేసి కూర్చోబెట్టినట్టయింది.

సార్ మళ్లీ కుర్చీలో కూర్చుని, బళ్లారికి కార్డు రాయలేదులే ఇంకా, నువ్వే చెయ్యి అన్నాడు. సిరా మాట ఎత్తలేదు. పోనీ.

జూలై 14

కొత్త అట్ట. నాలుగువైపులా జానెడు అంచు. కత్తెర ముట్టుకుంటే వేలు తెగుతుందని సార్‌కు చెప్పాను.

బొమ్మ వెనకాల పసుపు నేలను, లేబుల్‌ను కత్తిరించే కోత గీత దాటించి బయటికి పోనిచ్చాను. పోయినసారి గీత దగ్గరే ఆపితే, కోత వెంట్రుకంత జరిగి ఒకవైపు తెల్లగా కనబడింది. కోసి పారేసేదానికి రంగెందుకే అని సార్ గొణిగాడు. కుట్టులోకి పోయే గుడ్డ కూడా కొంటారు కదా అన్నాను.

గీతలన్నీ లేత నీలం పెన్సిల్‌తోనే. కెమెరాకు కనబడని రంగు నా చేతిలో ఉంది! ఒక మూల సార్ గురించి ఓ మాట రాశాను. సార్‌కు కనబడుతుందని గుర్తొచ్చి చెరిపాను.

జూలై 16

కోత గీతకు దూరంగా, నాలుగు మూలల అంచుల్లో నీలం పెన్సిల్‌తో నాలుగు చిన్న గుండ్రాలు గీశాను. ఇక్కడ పెట్టండమ్మా, ఇదంతా ఆఖర్న కోసేస్తారు, లేబుల్ మీదికి రాదు అన్నాను.

రుక్మిణమ్మ అద్దాలు తుడుచుకుని మూడు పెట్టింది. అన్నీ గుండ్రం లోపలే. నాలుగోదాని దగ్గర ఆగింది. గీత దాటితే మళ్లా నన్నే అంటావు, నువ్వే పెట్టు అంది.

గిన్నె బల్ల మీద పెట్టలేదు. నా అరచేతిలో పెట్టింది.

వేలు ముంచి నాలుగోది పెట్టాను. నాయనకు చెప్పలేదు. పాస్టరుకు అసలే చెప్పను.

ఆగస్టు 1

వచ్చాయి!!

మూలలు శుభ్రం. పసుపు అంచుదాకా నిండుగా ఉంది. ఎన్ని తిరగేసినా ఒక్కదాని మీదా తెల్లగీత లేదు. పాలపిట్ట రెక్క నల్లగీత లోపలే నీలం, ఒక్క వెంట్రుక బయటికి రాలేదు. మొయినుద్దీన్ సాబ్ లేబుల్‌ను ముందు చూశాడు, వెనక చూశాడు, వాసన కూడా చూశాడు. నీ కాకి పాలపిట్ట ఐపోయింది గదమ్మా అన్నాడు. ఈరోజు టీ రెండు సార్లు తాగాడు.

సార్ కిటికీ దగ్గరి బల్ల మీదున్న పాత కేలండర్లన్నీ తనే ఎత్తి కింద పెట్టి, గుడ్డతో తుడిచాడు. మద్దయ్య ఆ బల్లకు కుర్చీ తెచ్చి వేసి, ఆర్టిస్టమ్మా కూసో అన్నాడు. కూర్చున్నాను. వెక్కిరింపు కాదు అది. నాకు వెక్కిరింపు తెలుసు.

అంచులు కోయని షీటు ఒకటి పంపమని బెంగళూరుకు రాసి ఉంటిని. పంపారు.

ఆగస్టు 9, గురువారం. ఉరుకుంద

బస్సులో నిలబడే వచ్చాను. ఎవరూ రమ్మనలేదు. సాబ్ అంగడి ముందు జనం. ఆస్పరి నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె దుప్పటి కొని, లేబుల్ మాత్రం జాగ్రత్తగా ఊడదీసి, మనవరాలి చేతికిచ్చింది. ఆ పిల్ల పాలపిట్టను రైక మీద పెట్టుకుని చూసుకుంది.

అది నేను గీసిందని చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పకపోయినా నాదే.

ఆగస్టు 12

కోయని షీటు ఇంట్లో గోడకు అంటించాను. నాలుగు మూలలా నాలుగు నల్ల చుక్కలు. మూడు నున్నగా ఉన్నాయి. నాలుగోదాంట్లో సన్నటి గీతలు, సుడి తిరిగి.

ఇదేం మార్కు అని నాయన దానిమీద వేలు పెట్టి చూశాడు. సరిపోలేదు.

నాది పెట్టాను.