పచ్చి వార్నిషు మీద బొట్లు

బాపూ,

నేను మల్యాల బస్సుకు పోతున్న, పొద్దుగూకినంక వస్త. జీపు టేకు చెక్కలకు నిన్న నేనేసిన వార్నిషు ఆరకముందే మంగళారం మంచిదని నువ్వు కుంకుమ పెట్టినవు. లెక్కవెడితే తొమ్మిది బొట్లు. దేవునికి ఒక్కటి సాలకపాయె. ఇప్పుడవి అతుక్కపోయినయి, ఎంత తుడిచినా పోతలేవు.

వెనక తలుపు నేను పొద్దుగాలనే గీకిన. పక్క చెక్కలు నీ వంతు. సన్న సాండ్‌పేపరు సీటు మీద పెట్టిన. చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దు, అడ్డం రుద్దకు. దుమ్ము పొడిబట్టతోని తుడువు, బర్రెను కడిగినట్టు పైపు పట్టకు. పల్చగ ఒక్క కోటు వేసి నీడకు ఉంచు. కింది అంచులకు రేపు నేనే ఇంకో కోటు వేస్త, వాననీళ్లు ఆడనే నిలుస్తయి. అప్పటిదాకా ముట్టకు. ఒత్తి చూసుడుకు అదేం మామిడిపండు కాదు.

ఆదివారం కోనరావుపేటల పెండ్లికి దివాకరన్నను పెండ్లికొడుకుగ తీస్కపోయేది గీ జీపులనే. ఆరకుంటే అన్న షేర్వాణి దీనికే అతుక్కుంటది, పిల్ల కాడికి ఉత్త మనిషి పోతడు.

నీది తొందర బుద్ధి అని అమ్మ నిన్నటిసంది తిడుతనే ఉన్నది. నేను గూడ తోడు తిట్టిన.

వనిత

ఇంకోటి. వెనక తలుపు గీకుతుంటే పాత వార్నిషుల గిట్లనే అతుక్కపోయిన ఇంకో బొట్టు దొరికింది. నువ్వు గీ జీపు కొనుక్కచ్చిన నాడు హారతిచ్చి బొట్టు పెట్టింది అమ్మనే గదా. దాన్ని నేను గీకలే, నువ్వు గూడ గీకకు. ఈసారి అమ్మ తిట్టంగనే తీస్కపోయి చూపియ్యి. నేను జెప్పిన అనకు.